సోమవారం మొరాయించే సర్వర్

తిరువూరులో మా అక్కా బావలది పురుగుమందుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. కౌంటర్ కింద, మందు డబ్బాల అట్టపెట్టెల మధ్య ఒక నల్లటి పెట్టె ఉంటుంది. దానికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంటుంది. అదే సర్వర్. బిల్లులూ, సరుకూ, ఎవరి పొలానికి ఏ మందు ఇచ్చారన్నదీ అన్నీ దాని కడుపులోని డేటాబేసులో ఉంటాయి. దాన్ని అక్కడ ప్రతిష్ఠించింది నేనే. ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసి బతుకుతుంటాను కనుక, అది తుమ్మినా పిలుపు నాకే వస్తుంది.

మా అక్క ఫోన్‌లో "ఒరే తమ్ముడూ" అందంటే, విజయవాడ బస్సులో నిద్రపోతున్న జనం కూడా తమ ఊరొచ్చిందనుకుని దిగిపోతారు. అలాంటిది ఆ సోమవారం ఆ గొంతు అగరుబత్తి పొగలా సన్నగా వచ్చింది.

"మళ్ళీ ఆగిపోయిందిరా. నా చెయ్యే మంచిది కాదు. రేపట్నుంచి నేను కిందికి దిగను. మీ బావకి చెప్పకు, నేనే మెల్లగా చెప్పుకుంటాను."

అక్క దిగనంటే కౌంటర్ దగ్గరి ఆమె కుర్చీ పోయినట్టే. ఆ కుర్చీ సంగతి చెప్పాలి. నిరుడు ఒక సోమవారం రాహుకాలంలో బోణీ చేసిన కాసేపటికే బావకు గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రి నుంచి ప్రాణంతో తిరిగొచ్చాడు. అప్పటినుంచి ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టరు ఆయన్ను ఆపితే, అక్క కౌంటర్ దగ్గరికి వచ్చింది. అంతకుముందు పైనుంచి టీ గ్లాసులు మాత్రమే కిందికి దిగేవి. ఇప్పుడు మనిషే దిగింది. రెండు వేళ్ళతో టైపు చేయడం నేర్చుకుంది. ఆకు చూసి తెగులు చెప్పడం నేర్చుకుంది. ఆ కుర్చీకి పూలపూల దిండు కుట్టుకుంది. దేశాన్నేలే రాజులెవరూ తమ సింహాసనానికి అంత శ్రద్ధగా దిండు కుట్టించుకుని ఉండరు. ఒకటే నియమం పెట్టింది: సోమవారం రాహుకాలం పోయి తొమ్మిది దాటనిదే బోణీ లేదు.

నేను వెళ్ళి పెట్టె విప్పాను. దులిపితే వచ్చిన దుమ్ముతో ఒక ట్రాక్టరు ట్రక్కు నింపొచ్చు. తీగలు మార్చాను. బిల్లులు నడిపే ప్రోగ్రామును, అదే సర్వీసును, మళ్ళీ మొదలుపెట్టాను. గుర్రంలా పరుగెత్తింది. వచ్చే సోమవారం పొద్దున మళ్ళీ చతికిలబడుతుందని నాకు తెలుసు. ఎందుకంటే అంతకుముందూ అంతే జరిగింది.

చివరికి ఈవెంట్ లాగ్ తెరిచాను. కంప్యూటర్ తనకు జరిగిన ప్రతి సంగతినీ టైముతో సహా రాసి పెట్టుకునే చోటు అది. పెళ్ళిళ్ళలో తనకు జరిగిన అవమానాలను మా మేనత్త గుర్తుపెట్టుకున్నట్టు, ఏదీ వదలదు. అందులో "బిల్లింగ్ సర్వీసు అనుకోకుండా ఆగిపోయింది" అని ఎర్ర గుర్తులు బారులు తీరి ఉన్నాయి. కొత్తవాళ్ళు ఆ ఎర్రవాటినే చూస్తూ కూర్చుంటారు. చూడాల్సింది మొదటి ఎర్ర గుర్తుకు ముందు ఏం జరిగిందన్నది.

ప్రతి సోమవారమూ దానికి ముందు అదే వరస. మొదట ఎవరో కంప్యూటర్ గడియారాన్ని ఎనిమిది గంటల నుంచి తొమ్మిది దాటేదాకా ముందుకు నెట్టారు. ఆ టైముతో బిల్లులు పడ్డాయి. కాసేపటికి కంప్యూటర్ ఇంటర్నెట్ నుంచి అసలు టైము అందుకుని మళ్ళీ పెట్టేసుకుంది. సర్వీసు చూసుకుంటే కడుపులో తొమ్మిది దాటిన బిల్లులున్నాయి, బయట ఇంకా ఎనిమిదిన్నరే. ఇంకా పుట్టని బిల్లులను ఎలా పెంచాలో తెలియక కళ్ళు తేలేసింది.

గడియారం నెట్టిన లాగిన్ బావది.

అక్కను కాఫీ వంకతో పైకి పంపి అడిగాను. "బావగారూ, సోమవారం టైము మారుస్తోంది మీరేనా?"

"మెల్లగా ఏడవ్వయ్యా. మీ అక్క వింటుంది."

"అసలెందుకండీ?"

"తొమ్మిది దాటితేగానీ బోణీ చెయ్యదుగా. పత్తికి మందు ఎండెక్కకముందే కొట్టుకోవాలి. రైతులు గంపలగూడెం నుంచి ఆటోలో ఒకళ్ళ మీద ఒకళ్ళు కూర్చుని వచ్చి ఆ మెట్ల మీద పడిగాపులు కాస్తుంటే, నాకు టీ గొంతు దిగదు."

"ఆ మాటే అక్కతో అనొచ్చుగా?"

"ఆస్పత్రిలో నా మంచం పక్కన దాని మొహం నువ్వు చూశావుగా. మళ్ళీ ఆ మొహం పెట్టించమంటావా? గడియారం కాస్త జరిపితే కొంపలేం మునగవులే అనుకున్నా."

ఒక్క కంప్యూటరే కాదట. ఆమె లేవకముందే పైన హాల్లో గోడ గడియారం, ఆమె మీటల ఫోను కూడా జరిపేవాడట. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే మళ్ళీ సర్దేసేవాడట. సోమవారం పొద్దున ఆ ఒక్క ఇంటి కోసం భూమి కాస్త తొందరగా తిరిగేదన్నమాట.

"కొంప మునుగుతోంది బావగారూ. సర్వర్ తన చేతివల్లే ఆగిపోతోందనుకుంటోంది అక్క. రేపట్నుంచి కిందికి దిగదట."

బావ మొహంలో రక్తం చుక్క లేదు. నేను కంగారుపడి మంచినీళ్ళు ఇచ్చాను. ఎలుక తీగ కొరికిందని చెబుదామని నా దగ్గర ఒక బ్రహ్మాండమైన అబద్ధం సిద్ధంగా ఉంది. దాన్ని బయటకు తీసేలోపే అక్క కాఫీలతో దిగింది, బావ లేచి నిలబడ్డాడు, మొత్తం చెప్పేశాడు.

"అంటే నా చేత రాహుకాలంలో బోణీలు చేయించారా?"

"చేయించాను."

"పైన గడియారం కూడానా? నా ఫోను కూడానా?"

"అవీ జరిపాను."

"నేనేమో నా చేతిని తిట్టుకుంటూ కూర్చున్నా."

"నాతో అనలేదుగా నువ్వు."

"మీరన్నారా నాతో?"

నా కాఫీ నా ముందు పెట్టి, బావ కాఫీ పట్టుకుని పైకి వెళ్ళిపోయింది.

కంప్యూటర్ గడియారాన్ని ఎవరూ కదపకుండా నేను పాస్‌వర్డుతో తాళం వేశాను. తర్వాతి సోమవారం ఎనిమిదికే వెళ్ళి నిలబడ్డాను, సర్వర్ కోసమని పైకి చెప్పుకుంటూ. అక్క వస్తుందో రాదో తెలియదు. వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడింది. మెట్ల మీది రైతు లోపలికొచ్చి ముడుచుకుపోయిన పత్తి ఆకు కౌంటర్ మీద పెట్టాడు.

"పిన్నిగారూ, ఇవాళ కొట్టకపోతే చేనంతా పాకేస్తదండీ."

ఆమె తెర మూలనున్న టైము చూసింది. ఎనిమిదింబావు, కల్తీ లేని ఎనిమిదింబావు. ఆకును అటూ ఇటూ తిప్పింది.

"ఏవండీ, ఆ స్టూలు లాక్కుని ఇలా వచ్చి కూర్చోండి."

"నేనెందుకే?"

"కూర్చోమన్నానా."

బావ కూర్చున్నాడు. తనూ దిండు సర్దుకుని కూర్చుని, ఎడమ చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది, ఆస్పత్రిలో నర్సు నాడి చూసినట్టు. కుడి చేతి ఒక్క వేలితో బిల్లు కొట్టడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేలోపు ఒక పంట వేసి, కోసి, అమ్ముకోవచ్చు.

"బాబాయికి ఒంట్లో బాలేదా పిన్నిగారూ?" అన్నాడు రైతు.

"బాగానే ఉన్నారు. తొమ్మిది దాకా ఇలాగే ఉండాలి."

"ఏమే, నలుగురూ చూస్తున్నారు" అని బావ చెయ్యి లాక్కోబోయాడు.

"చూడనీండి."

బిల్లు బయటికొచ్చింది. రైతు మందు డబ్బా పట్టుకుని ఆటోకేసి పరుగెత్తాడు. మెట్ల మీద నుంచి ఇంకో మనిషి లోపలికొచ్చాడు. అక్క ఆ చెయ్యి వదలకుండానే, "నీదేం పంటయ్యా?" అని అడిగింది.