పొట్లం మీద బావ మొహం

మొన్న మా కోడలు గుంటూరులో ఏదో శిక్షణకు వెళ్ళి వచ్చింది. ఇంట్లో కారం పట్టి, పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంటుంది లెండి. చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళు తమ మొహాన్నే బ్రాండుగా ఎలా మార్చుకోవాలో అక్కడ రోజంతా చెప్పారట. "సరుకుని ఎవరూ కొనరు మావయ్యగారూ, మనిషిని చూసి కొంటారు" అంటూ ఆ పిల్ల ఎంతో ఉత్సాహంగా తన ఫొటో వేయించిన కారం ప్యాకెట్టు నా చేతిలో పెట్టింది. బాగుందమ్మా అన్నాను గానీ, ఆమె అటు తిరగగానే దాన్ని బల్ల మీద బోర్లించేశాను. ప్యాకెట్టు మీద మనిషి మొహాన్ని నేను ఇప్పటికీ చూడలేను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పల్లెల్లో విత్తనాల కంపెనీ పేరు ఎవరికీ పట్టేది కాదు, ఫలానా ఆయన కొట్లో విత్తనం అంటే చాలు. అలాంటి ఫలానా ఆయనల్లో మా అక్క భర్త ఒకడు. వినుకొండలో ఆయనకు విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉండేది, వెనకే ఇల్లు. డిగ్రీ పరీక్ష తప్పి ఊరి మీద పడి తిరుగుతున్న నన్ను అక్క తీసుకెళ్ళి ఆ కొట్లో కూర్చోబెట్టింది. బావకు తన మొహం మీద ఉన్న మోజు ఇంతా అంతా కాదు. చేలల్లో మోటారు గదుల గోడల నిండా తన బొమ్మే రాయించాడు, మెలితిప్పిన మీసంతో, చేతిలో మిరపకాయల గుత్తితో. నిజానికి ఆయనకు అంత మీసం లేదు, పెయింటరు దయతలిచాడంతే. అదీ చాలక ఒక ఏడాది తన ఫొటోతో గుండ్రటి స్టిక్కర్లు అచ్చు వేయించి, కొట్టుకు వచ్చిన ప్రతి మిరప విత్తనాల పొట్లం మీదా, సరిగ్గా కంపెనీ పేరూ, ఏ విడత సరుకో చెప్పే లాట్ నంబరూ ఉన్నచోట అంటింపజేశాడు. రైతుకు కంపెనీ పేరు తెలిస్తే పక్క కొట్లో కూడా కొంటాడేమోనని ఆయన భయం.

ఆ ఏడు మిరప ఛాతీ ఎత్తున పెరిగింది, పూత పూసింది, పూసింది పూసినట్టే రాలిపోయింది. చేనుకు చేను నవనవలాడుతూ ఒక్క కాయ లేకుండా నిలబడటం మీరెప్పుడైనా చూశారో లేదో, తెగులుతో మాడిన చేనుకంటే అదే భయంకరంగా ఉంటుంది.

ఒక ఉదయం రైతులు ట్రాక్టర్ల మీద వచ్చారు. వేళ్ళతో సహా పీకిన మొక్కలు కొట్టు ముందు గుట్టగా పోశారు. బావ బయటికి వచ్చి, కూర్చోండ్రా మాట్లాడుకుందాం అంటుండగానే మొదటి దెబ్బ పడింది. కొట్టింది ఎవరో కాదు, బస్తీకి వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో అన్నం తిని వెళ్ళే రైతు. "నీ మొహం చూసేగదరా కొన్నాం, చూపించరా ఇప్పుడా మొహం!" అని అరుస్తూ మిరపమొక్కను మొదలు పట్టుకుని, మట్టివేళ్ళతో మొహం మీదే బాదాడు. ఆ తర్వాత ఏ దెబ్బ ఎవరిదో తెలియలేదు. వీపు మీద కొట్టినవాడు ఒక్కడూ లేడు, అందరికీ మొహమే కావాలి. మందు కొట్టే పంపు ఇత్తడి గొట్టం తగిలి ఆయన ఎడమ కన్ను చితికింది. అద్దాల బీరువాలు పగిలాయి, అడ్డంపోయిన నన్ను జుట్టు పట్టి గోడకేసి కొట్టారు. అక్క పరుగెత్తుకొచ్చి బావ మీద పడితే, ఆమె ముంజేయి విరిగిన చప్పుడు ఆ కేకల్లో కూడా నాకు వినిపించింది. అప్పుడా రైతే అరలోంచి పురుగుమందు డబ్బా తీసి, మూత పళ్ళతో పీకి, బావ తల వెనక్కి వంచాడు. "మేం తాగాల్సింది నువ్వే తాగరా!" త్రాసు పక్కనున్న ఇనుప తూనికరాయి తీసి అతని మణికట్టు మీద నా బలమంతా పెట్టి కొట్టాను. డబ్బా జారి ఒలికింది, ఆ ఘాటుకు అందరూ దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తారు. బావ బతికాడు.

లాట్ నంబరు చూపిస్తే కంపెనీ మీద కేసు పెట్టవచ్చునని, రైతులకు పరిహారం వస్తుందని వ్యవసాయాధికారి వచ్చి చెప్పాడు. బిల్లులో నంబరు రాసే అలవాటు అప్పుడు ఎవరికుంది? కొట్టినవాళ్ళే దాచిన ఖాళీ పొట్లాలు తెచ్చి ఇచ్చారు. నీళ్ళలో నానబెట్టాం, ఆవిరి పట్టాం, బ్లేడుతో గీకాం; బావ బొమ్మతో పాటు నంబరూ ఊడి వచ్చింది. మీ మొహం ఉన్న పొట్లాలు మావెలా అవుతాయండీ అని కంపెనీవాళ్ళు నవ్వారు. బావ తన పొలం అమ్మి రైతులకు పంచాడు, కొట్టు మూతపడింది. మోటారు గదుల మీది బొమ్మల కళ్ళు ఎవరో గునపాలతో పొడిచేశారు. బస్సులో ఆ దారిన వెళ్ళేటప్పుడు ఆయన ఉన్న ఒక్క కన్నూ మూసుకునేవాడు.

మరుసటి ఏడు తొలకరి పడ్డాక, మణికట్టు వంకరగా అతుక్కున్న ఆ రైతు మా గుమ్మంలోకి వచ్చాడు. నేను కర్ర అందుకున్నాను. అతను నేలచూపులు చూస్తూ, "అన్నా, ఈ ఏడు ఏ విత్తనం వెయ్యమంటావు?" అన్నాడు. బావ ఉన్న ఒక్క కన్నుతో అతన్ని ఎగాదిగా చూశాడు.

"కన్ను తీసినోడివి, నన్నడుగుతావేందిరా?"

"ఇంకెవర్నడగాలన్నా? నాకు తెలిసింది నువ్వేగా."

అక్క విరిగి అతికిన ఆ చేత్తోనే ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది. నాకు ఆమె మీద మండిపోయింది, ఇప్పటికీ కొంచెం ఉంది. బావ చొక్కా తొడుక్కుని అతనితో పాటు వేరేవాళ్ళ కొట్టుకి వెళ్ళాడు. పొట్లం మీద నంబరు కంటికి ఆనించుకుని చదివి, బిల్లు మీద రాయించి మరీ అతని జేబులో పెట్టాడు.

బావా, ఆ రైతూ ఇద్దరూ పోయారు. ఇప్పుడా వీధిలో కంప్యూటరు బిల్లులు, నంబర్లన్నీ సక్రమంగా ఉంటాయి, బల్ల వెనక కుర్రాడు మాత్రం ఏడాది తిరక్కుండా మారిపోతాడు. విత్తనం మోసం చేస్తే చెప్పుకోమని ఒక ఫోను నంబరు ఇస్తారు, ఎత్తిన గొంతుది ఏ ఊరో తెలియదు. ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు, మంచిదే. ఆ ఉదయాన్ని కళ్ళారా చూసినవాణ్ణి, అది మళ్ళీ రావాలని నేను కోరను. కానీ పొదిలి వైపో, మా వైపో ఒక రైతు తన చేలోనే ఆ పురుగుమందు తాగేశాడని పేపర్లో చదివినప్పుడల్లా, వెళ్ళి తిట్టడానికి, కొట్టడానికి, మళ్ళీ ఏడు వచ్చి సలహా అడగడానికి ఆ మనిషికి తెలిసిన మొహం ఒక్కటీ లేకపోయింది కదా అని ఏడుపొస్తుంది.