పులి మొహం

ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గిపోతుందని మా బావ నమ్మకం. తన పెళ్లిలోనే కెమెరాకు వీపు తిప్పేసిన మనిషి. అరవైల చివర నేను విజయనగరంలో ఒక ఫొటో స్టూడియోలో పని నేర్చుకుంటుండేవాణ్ని. తమ్ముడి చేతిలో కెమెరా ఉండీ మొగుడి ఫొటో ఒక్కటైనా ఇంట్లో లేదని మా అప్ప దెప్పుతూ ఉండేది.

సిరిమాను పండుగకు ఊరంతా వేషాలే. మొక్కులున్నవాళ్లు పులులూ శక్తులూ అయి, మొహాలకు రంగులు పూసుకుని, డప్పుల వెంట మూడు లాంతర్ల కూడలి దాకా ఆడుతూ వచ్చేవారు. ఆ ఏడు వాళ్లను ఫొటోలు తీయమని మా యజమాని నన్ను జనంలోకి తోలాడు. ఎటు తిప్పినా కెమెరాకు మోచేతులూ నెత్తిన ఎక్కిన పిల్లల కాళ్లే అందుతున్నాయి. విసుగెత్తి వెనక్కి తిరగబోతుంటే ఒక పులి నా ముందుకు దూకి, కళ్లు చికిలించి, నాలుక బయటపెట్టి నిలబడింది.

"తియ్యరా," అంది బావ గొంతుతో.

"ఆయుస్సు తరిగిపోదా బావా?"

"తరిగితే పులిది తరుగుద్ది. నాకేటి?"

తీశాను. ఆ చారలు పొద్దున్నే అప్ప కూర్చోబెట్టి వేసినవి.

చలికాలంలో బావకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందంటూ ఊళ్లు తిప్పి, ఆసుపత్రికి తెచ్చేసరికి చేయి దాటిపోయింది. శవం ఇంట్లో ఉండగానే అప్ప అత్తగారు నా మీద విరుచుకుపడింది. "నీ డబ్బాయే మింగేసినాది నా కొడుకుని," అంది. పదో రోజు దగ్గరపడేసరికి మళ్లీ ఆవిడే కబురంపింది. "దండెయ్యడానికి పటం కావాల. పులికి దండెలాగేస్తాం? ఆ రంగు కడిగేసి ఇయ్యి."

ఫొటోలో రంగు కడగమంటే నవ్వు రావాలి. నాకు ఒళ్లు మండింది. కుదరదని చెప్పేశాను.

మా యజమానికి మాత్రం అది సరదా అయింది. "దానికేటి, కడిగేద్దాం," అన్నాడు. బావను రంగు లేకుండా ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు. నెగటివ్ మీద పెన్సిల్‌తో చారలు పూడ్చాడు. నాలుక నోట్లోకి పంపాడు. బ్లేడుతో గీకి మీసం తెప్పించాడు. చికిలించిన కళ్లను పెద్దవి చేశాడు. దవడ అలా ఉండదని, ముక్కు అది కాదని నేను పక్కనుంచి మొత్తుకుంటూనే ఉన్నాను. "సచ్చినోడొచ్చి సూస్తాడేటి?" అన్నాడు. ఆ మాటకు ఆయన్ను ఈ రోజుకీ క్షమించలేదు.

పటం గోడకెక్కింది. అచ్చం వాడేనని చుట్టాలంతా ఏడ్చారు. నా డబ్బాను తిట్టిన అత్తగారు ఆ పటాన్ని కళ్లకద్దుకుంది. అప్ప ఒక్కసారి చూసి నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఒరే తమ్ముడా, ఈడెవుడ్రా?"

దిద్దక ముందే ప్రింటు వేసిన పులి ఫొటో ఒకటి నా దగ్గరుంటే తెచ్చిచ్చాను. దాన్ని పెట్టెలో చీరల కింద పెట్టుకుంది. ఏటా తద్దినం రోజున గోడ మీదివాడికి దండ వేసేది అత్తగారే. అప్ప అటు చూసేది కాదు.

తర్వాత నేనూ సొంతంగా స్టూడియో పెట్టుకున్నాను. మొటిమలు, మచ్చలు, మెల్లకన్నులు దిద్దుకుంటూ బతికాను. బావను తలుచుకుంటే ఇప్పుడు నాకు వచ్చేది ఆ పెన్సిల్ మొహమే. అసలు మొహం ఎంత గింజుకున్నా రాదు. ఇంతకంటే చేదు నాకు మరొకటి లేదు.

మొన్నామధ్య ఉండబట్టలేక అప్పను అడిగాను, బావ మొహం గుర్తుందా అని.

"మొహం పోనాదిరా. కళ్లున్నాయి, పులిలో," అంది.

ఒకసారి చూపించమన్నాను. పెట్టె మీద చేయి వేసి, నా వైపు చూసి, చేయి అక్కడే ఉంచేసింది.

"నీకు సూపించను. నువ్వు సూస్తే దిద్దేస్తావు."