గ్రీకు సముద్రుడికి బొట్టు

ఇంకొకరి ఇంట్లో దుమ్ము తుడిచే పనిలో పడ్డాక, ఆ ఇంటి దేవుళ్ళు కూడా తుడవాల్సిన సామాన్ల కిందికే వస్తారు. షార్జాలో సముద్రం ఒడ్డునున్న బిల్డింగులో, తొమ్మిదో అంతస్తులో, ఒక గ్రీకు పెద్దావిడని చూసుకునే పని నాది. ఆవిడ భర్త ఓడ కెప్టెను, పోయి చాలా కాలమైంది. ఆవిడకి మోకాళ్ళు పోయాయి, నాకు నడుము పోయింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి నడిచేవాళ్ళం. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం.

హాల్లో కిటికీ పక్క బల్ల మీద మూరెడు కంచు బొమ్మ ఒకటి ఉండేది. గడ్డం, జుట్టు, చేతిలో త్రిశూలం. పనిలో చేరిన రోజే గుర్తుపట్టేశాను, శివుడని. ఒంటి మీద నూలుపోగు లేదు. దిగంబరుడే కదా! గడ్డం అంటారా, తపస్సు చేసుకునేవాడికి మంగలి ఎక్కడ దొరుకుతాడు? కాళ్ళ దగ్గర అలలూ, అలల్లో ఒక చేపా ఉన్నాయి. నెత్తి మీద ఉండాల్సిన గంగ కాళ్ళ దగ్గరికి దిగిందేమిటని ఒక్క క్షణం అనిపించింది. పరాయి దేశం వాళ్ళు చేసిన బొమ్మ, ఆ మాత్రం తేడా ఉండదా అని సర్దిచెప్పుకున్నాను. చాకిరీ చేసుకునేవాళ్ళకి సర్దిచెప్పుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మొదట్లో తుడిచి ఊరుకునేదాన్ని. కరోనా రెండో ఏడు, తమ్ముడి సంగతి తెలిశాక బొట్టు పెట్టడం మొదలుపెట్టాను.

మాది కోనసీమలో సముద్రాన్ని ఆనుకున్న ఊరు. నాన్న వేటకెళ్ళేవాడు. తమ్ముడు వేట వద్దని చదువుకుని, సరుకుల ఓడలో పని సంపాదించాడు. ఆ ఓడ వచ్చి మా షార్జా పక్కనే ఉన్న అజ్మాన్ ఎదురుగా లంగరు వేసి, అక్కడే ఉండిపోయింది. ఓనరు ఫోను ఎత్తడం మానేశాడు. జీతం మాట దేవుడెరుగు, డీజిలు లేదు, మంచినీళ్ళు పక్క ఓడలవాళ్ళని అడుక్కోవాలి. దిగి వచ్చేద్దామంటే ఓడని మనుషుల్లేకుండా వదలకూడదట. వీళ్ళ బదులు వేరేవాళ్ళు ఎక్కితేనే వీళ్ళు దిగాలట. అలాంటి ఓడ ఎవరెక్కుతారు?

జనరేటరు వేసినప్పుడు ఫోను చార్జి పెట్టుకుని మాట్లాడేవాడు.

"అక్కా, మీ బిల్డింగులన్నీ కనపడతన్నాయే. ఈదుకుంటా వచ్చేత్తాను, ఎంత దూరవని!"

"నోర్ముయ్యి. అన్నం తిన్నావా?"

"తిన్నాం. మళ్ళీ ఆ పప్పే."

పెద్దావిడ హాలు కిటికీలోంచి చూస్తే దూరంగా ఓడలు నిలబడి ఉండేవి. వాడిది ఏదో తెలిసేది కాదు. అన్నీ వాడివే అనుకుని చూసేదాన్ని. ఇంతకంటే వాడు ఏ అమెరికా అవతలో ఉంటే నయం అనిపించేది. కంటికి ఆనుతూ చేతికి అందకపోతే మనిషి తొందరగా అలిసిపోతుంది.

కిటికీ పక్కనే శివుడున్నాడు కాబట్టి ఆయనకే చెప్పుకున్నాను. పెద్దావిడ లేవకముందే కుంకం బొట్టు పెట్టి, బాల్కనీ కుండీలోంచి ఒక పువ్వు కోసి పెట్టేదాన్ని. వాణ్ణి గట్టెక్కించు స్వామీ, ఇంకేం అడగను. ఆవిడ కాఫీ అయ్యేలోగా తుడిచేసేదాన్ని. ఇలా నెలలు గడిచాయి. స్వామి పలకలేదు, ఓడ కదల్లేదు.

ఒకరోజు తుడవడం మరిచిపోయాను. పెద్దావిడ బొట్టు చూసి, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"ఎవరు చేశారిది?"

"నేనే మేడమ్. శివ. మా దేవుడు."

"మీ దేవుడు కాదమ్మా, మావాడు. పొసైడన్. సముద్రానికి రాజు."

సముద్రానికే రాజంటే మరీ మంచిదే అనుకుని, ఆయన కథ చెప్పమన్నాను. ఆవిడ ఇంగ్లీషుదొక కాలు, నా ఇంగ్లీషుదొక కాలు. రెండూ కలిసి కథ ఎలాగో నడిచింది. భూమిని కదిపేవాడూ ఆయనే, గుర్రాల్ని పుట్టించినవాడూ ఆయనేనట. కొండకొమ్ముల మీద, ఓడలవాళ్ళకి కనపడేలా గుళ్ళు కట్టేవాళ్ళట. ఎద్దుల్ని బలిచ్చేవాళ్ళు, కొన్నిచోట్ల గుర్రాల్ని బతికుండగానే నీళ్ళలోకి తోలేవాళ్ళట. ఇక కావ్యాల్లో ఆయన కోపం చెప్పనలవి కాదు. ఒక నావికుడు ఆయన కొడుకు కన్ను పొడిచాడు. అంతే, ఇల్లు కంటికి కనపడేంత దగ్గరికి వచ్చినా సరే, ఏళ్ళ తరబడి వాణ్ణి నీళ్ళమీదే తిప్పాడు, ఇంటికి పోనివ్వలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ నేను పువ్వులు పెట్టింది వీడికా! దొంగ చేతికే తాళమిచ్చి, ఇల్లు కాపాడమని బతిమాలినట్టయింది. వంటింటి గుడ్డతో బొట్టు బరబరా తుడిచేసి, బొమ్మని గోడవైపు తిప్పి పెట్టాను. ఆ వారం నేను కిటికీ దగ్గరికి కూడా పోలేదు. వంట చేశాను, బట్టలు మడతపెట్టాను, సాయంత్రం బస్సెక్కి అల్ నహ్దాలో మా రూముకి వచ్చి పడుకున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

తర్వాత ఒకనాడు కాళ్ళకి నూనె రాయించుకుంటూ ఆవిడే అంది.

"నా భర్త ఓడలో ఉన్నప్పుడు నేను చర్చిలో కొవ్వొత్తి వెలిగించేదాన్ని, ఓడలవాళ్ళని కాచే మా సెయింటు దగ్గర. ఆయన మాత్రం ఈ బొమ్మని ప్రతి ఓడలోకీ తీసుకెళ్ళేవాడు. సెయింటు మనవైపే ఉంటాడు, ఆయన్ని ఒప్పించక్కర్లేదు, ఒప్పించాల్సింది వీణ్ణే అనేవాడు. అప్పటివాళ్ళూ అందుకే మొక్కారు. మంచివాడని కాదు, పట్టుకున్నది వాడే కాబట్టి."

ఇది నాకు తెలియని సంగతా? మా ఊళ్ళో పిల్లలకి ఒళ్ళంతా పోస్తే మారిడమ్మకే కదా చల్ది నైవేద్యం పెట్టేది! పోసిందీ అమ్మే, తీసేదీ అమ్మే. ఆ లెక్కన ఈ గడ్డపాయన మాకు పరాయివాడేం కాదు.

లేచి వెళ్ళి బొమ్మని మళ్ళీ ఇటు తిప్పాను. ఎద్దుల్ని ఎక్కడినుంచి తేను? మావైపు పడవ రాకపోతే ఆడవాళ్ళు ముందు గంగమ్మకి మొక్కుతారు. మొక్కులకి పలక్కపోతే ఒడ్డున నిలబడి నోటికొచ్చినట్టు తిడతారు. గంగమ్మ ఏమీ అనుకోదు, తల్లి కదా. నేనూ అదే చేశాను. రోజూ బొట్టు పెట్టడం, రోజూ తిట్టడం. "గడ్డం నెరిసింది, బుద్ధి రాలేదు. నీ కొడుకు కన్ను మా తమ్ముడు పొడిచాడా? వాడికి అసలు ఈగని కొట్టడం రాదు. వదులు!" పెద్దావిడ మంచం మీంచి వినేది. తెలుగు ముక్క రాకపోయినా, ఎక్కడ అవుననాలో అక్కడ తలూపేది.

తిట్లకే వదిలాడని నేననను. ఓడని ఎవరో కొన్నారు, కొత్త మనుషులు ఎక్కారు, వీళ్ళని దింపారు. విమానానికి ముందు ఒక పూట దొరికితే తమ్ముడు మా రూముకి వచ్చాడు. సగమయ్యాడు. చిన్న పడవలో ఒడ్డుకి వచ్చేటప్పుడు తొడుక్కున్న నారింజ రంగు లైఫ్‌జాకెట్టు చంకలోనే ఉంది. పెద్దావిడకి చూపిద్దామని తీసుకెళితే, కిటికీకి వీపు పెట్టి కూచున్నాడు. ఆవిడ వాడి చంకలోది చూసి, ఆ కథలో మిగిలిన ముక్క చెప్పింది. నావికుడు ఇల్లు చేరాక కూడా ఆయన కోపం తీరలేదట. తెడ్డు భుజాన వేసుకుని లోపలి దేశాలకి నడిచిపోవాలట. సముద్రమంటే తెలియని ఊళ్ళో ఎవడో ఒకడు ఆ తెడ్డు చూసి, ధాన్యం తూర్పారబట్టేదా అని అడగాలట. అక్కడ దాన్ని పాతి, ఆయనకి మొక్కు చెల్లిస్తే అప్పుడు శాంతి.

నేను తెలుగులో చెప్తుంటే వాడు నేల చూస్తూ విన్నాడు. బస్సులో అన్నాడు, "అక్కా, మనూరు ఎల్లను. ఆ హోరు ఇని పడుకోలేను. అసలు సముద్రం తెలీని ఊరుంటాదా?"

రూములో నా పక్క మంచం జగిత్యాల ఆమెది. ఆ మాట చెప్తే నవ్వింది.

"మా ఊరున్నది గద తమ్మీ. సగం మంది మగోళ్ళు దుబాయ్ వచ్చినోళ్ళే గని, సముద్రం ఎవడు చూసిండు? సజ్జాల లేబర్ క్యాంపు, సైటు, మల్ల క్యాంపు. ఖలాస్. మా అన్న రైస్ మిల్లుల మనిషి కావాలంటుండు, పోతవా?"

పోయాడు. నెల తిరిగాక ఫోన్ చేశాడు. ఆ పూట పెద్దావిడకి సూపు చేద్దామని హాల్లో కూచుని క్యారెట్లు తరుగుతున్నాను.

"అక్కా, జాకెట్టు మిల్లులో మేకుకి తగిలించానా? ఒక పెద్దాయన వచ్చి, ఇది పొలంల మందు కొట్టేటప్పుడు తొడుక్కునేదా బిడ్డా, అనడిగాడే!"

ఇద్దరం ఎంత నవ్వామో! వాడి నవ్వు విని ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది.

"కొబ్బరికాయ కొట్టేశాను, అక్కడే. మీ గడ్డపాయన పేరు చెప్పి."

"మంచి పని చేశావు."

మిల్లు చప్పుడు వినిపించింది.

"మరి నువ్వెప్పుడొత్తావక్కా?"

కిటికీలోంచి ఓడలు కనిపిస్తున్నాయి. బల్ల మీద ఆయన బొట్టు పెట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో నన్ను గట్టెక్కించమని ఆయన్ని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

పొయ్యి మీద సూపు పొంగిపోతోందని చెప్పి ఫోను పెట్టేశాను. అప్పటికింకా పొయ్యి వెలిగించలేదు.