తమ్ముడి మీద ఒట్టు, ట్రైలర్ కింద పగులు

మా చిన్నప్పుడు... సాయంత్రమైతే చాలు, మా ఇంటి డ్రైవ్‌వేలో నాన్న కాళ్లు మాత్రమే కనిపించేవి. మిగతా మనిషంతా ట్రైలర్ కిందే!

ఎనభైల మొదట్లో సంగతి. దేశం వదిలొచ్చి మేం స్థిరపడ్డ క్యారీ ఊళ్లో అప్పటికి తెలుగు ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాన్న ఎవరి దగ్గరో పాత ట్రావెల్ ట్రైలర్ ఒకటి కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లన్నమాట... మంచం, స్టవ్, సింక్ అన్నీ ఉండేవి. ఎక్కడికెళ్లినా పప్పూ చారూ వండుకోవచ్చని అమ్మకి ఒకటే సంబరం.

ఆ వేసవిలో కొండలకి వెళ్దామనుకున్నాం. పది రోజుల ముందు నుంచీ నాన్న ఆఫీస్ నుంచి రాగానే జాక్ పెట్టి ట్రైలర్‌ని పైకెత్తి, కింద దూరి, ఇనప ఫ్రేమ్‌నీ, బరువు మోసే కమాన్ కట్టలనీ వైర్ బ్రష్‌తో గీకేవారు. "తుప్పు గీకితేనే పగులు బయటపడుతుందమ్మా. గీకకుండా పెయింట్ కొట్టేస్తే వెంట్రుకంత పగులు లోపలే దాక్కుంటుంది" అని నాకు చెప్పేవారు.

ఎడమ పక్కంతా అలాగే అంగుళం అంగుళం చూశారు. కుడి పక్కకి వచ్చేసరికి టైం లేదు... నాన్నమ్మ గురువారం పొద్దున ముహూర్తం పెట్టేసింది. దాంతో కుడి పక్క పైపైన చూసి నల్ల పెయింట్ కొట్టేశారు. అంత పట్టుదల గల మనిషి ఎలా సరిపెట్టుకున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాదు!

నాన్నమ్మ ఆర్నెల్లు ఉందామని తెనాలి నుంచి వచ్చింది. ముందురోజు సామానంతా ఎక్కించాం... రెండు బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు, ఆఖరికి రుబ్బురోలు కూడా! కొండ మీద అట్లు వేసుకోవాలట. సాయంత్రం ట్రైలర్‌కి పూజ చేసి, చక్రాలకీ ఫ్రేమ్‌కీ పసుపు నీళ్లు పూసింది. మర్నాడు పొద్దున్నే కొత్త పెయింట్ మీద మరకలు పడతాయని నాన్న అదంతా గుడ్డతో తుడిచేశారు.

చక్రాల కింద పెట్టిన నిమ్మకాయ ఒకటి దొర్లి లోపలికెళ్లింది. తీద్దామని దూరాను. కుడి చక్రం పైన, కమాన్ కట్టని ఫ్రేమ్‌కి బిగించిన చోట... నల్లటి ఇనుము మీద సన్నటి పసుపు గీత. వేలితో రుద్దాను. పోలేదు. ఉమ్మి రాసి రుద్దాను. అయినా పోలేదు. పసుపు లోపలికి ఇంకిపోయింది.

నాకప్పుడు పదేళ్లే. కానీ పది రోజులుగా నాన్న మాటలు వింటున్నాను కదా... అది పగులేనని అర్థమైపోయింది.

"నాన్నా! ఇక్కడ పగిలింది!" అని అరుస్తూ బయటికొచ్చాను.

"ఛీ, నోర్ముయ్! శుభమా అని బయల్దేరుతుంటే పగిలింది, విరిగింది అంటూ ఏంటే ఆ అపశకునపు మాటలు?" అని నాన్నమ్మ విరుచుకుపడింది. అమ్మ ఇంకా ఇంట్లోనే ఏదో సర్దుతోంది; నాన్నమ్మ నా చెయ్యి లాగి తన చంకలో ఉన్న తమ్ముడి నెత్తిన పెట్టింది. "తిరిగొచ్చేదాకా ఆ మాట మళ్లీ ఎత్తావంటే వీడి మీద ఒట్టే!"

నాన్న ఒక్క క్షణం ఆగి ట్రైలర్ వైపు చూశారు.

"ఎక్కరా, వర్జ్యం వచ్చేస్తోంది" అంది నాన్నమ్మ. నాన్న వాచీ చూసుకుని కారెక్కేశారు.

అమ్మకి కారు పడదు, తల తిరుగుతుంది. అందుకని ట్రైలర్‌లోనే మంచం మీద పడుకుంది... పక్కన ఎనిమిది నెలల తమ్ముడు. అలా ప్రయాణం చేయకూడదని అప్పట్లో మాకెవరికీ తట్టలేదు.

చెబితే ఒట్టు తమ్ముడికి తగులుతుంది. చెప్పకపోతే తమ్ముడు ఆ పగులు మీదే ఉన్నాడు... ఏం చెయ్యను?

మూడు గంటలు వెనక అద్దంలోంచి ట్రైలర్‌నే చూస్తూ కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా 'టంగ్'మని చప్పుడు. "జాడీలు సర్దుకుంటున్నాయిలే" అంది నాన్నమ్మ. నాన్న పాటల టేప్ ఆపేశారు.

కొండ రోడ్డు మొదలైంది. కుడి పక్కన లోయ. ట్రైలర్ కుడివైపుకి కాస్త ఒరిగినట్టు అనిపించింది. దాని ముందు కిటికీలో అమ్మ కర్టెన్ తీసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని నాకు టాటా చెప్పించింది. నవ్వుతోంది.

ఇక ఆగలేకపోయాను. "నాన్నా, వాంతి! ఆపు, ఆపు!"

నాన్న రోడ్డు పక్కకి తీసి ఆపారు. దిగినాయన నా దగ్గరికి రాలేదు... తిన్నగా కుడి చక్రం దగ్గరికెళ్లి వంగారు. లేచేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ట్రైలర్ తలుపు తీసి "పిల్లాణ్ణి ఎత్తుకుని దిగు. మెల్లగా... మెల్లగా" అన్నారు అమ్మతో.

గీత కాస్తా రెండు వేళ్లు పట్టేంత అయింది. కింద ఊర్లో వెల్డింగ్ చేసిన ముసలాయన, ఇంకో రెండు మలుపులు తిరిగుంటే చక్రం ఊడొచ్చేదన్నాడు.

"దేవుడే పిల్లకి వాంతి తెప్పించాడు" అని నాన్నమ్మ ఊరంతా చెప్పుకుంది. ఏ ఇంటికి భోజనానికెళ్లినా ఇదే కథ, అమ్మ కూడా మురిసిపోతూ చెప్పేది. నాన్న మాత్రం ఎప్పుడూ చెప్పలేదు... ఆ కథ మొదలవగానే లేచి బయటికెళ్లిపోయేవారు. ఆయన పోయి నాలుగేళ్లు.

ఇప్పుడు టైరులో గాలి తగ్గితే కారే చెబుతోంది. మా అమ్మాయైతే మనసులో ఏం తోచినా మొహం మీదే అనేస్తుంది, శుభమూ లేదు, అశుభమూ లేదు... దాన్ని చూస్తే నాకు అసూయ. మీరూ చిన్నప్పుడు ఒట్టుకి భయపడి మింగేసిన మాట ఏదైనా ఉంటే కింద రాసెయ్యండి. ముందు నాది నేను కక్కేస్తాను.

అమ్మా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఆ రోజు నాకు వాంతి రాలేదు. పగులుందని ఇంటి దగ్గరే నాకు తెలుసు... నాన్న కూడా విన్నారు. నువ్వూ తమ్ముడూ వెనక ఉండగా, మూడు గంటలు మేమిద్దరం నోరెత్తకుండా కూర్చున్నాం.