లచ్చక్క మాత్రలు, నా సంచి

సార్ ఫోన్ పైకెత్తగానే లచ్చక్క కొంగు ముఖం మీదికి లాక్కుంది. నేను లేచి ఇద్దరి మధ్య నిలబడ్డాను.

"జరుగు. మందు మింగే ఫోటో గ్రూప్‌లో పెట్టాలి," అన్నాడాయన. నెలకోసారి మా పని చూసి పోయే సూపర్‌వైజర్.

"ఆ గ్రూప్‌ల సర్పంచ్ ఉన్నడు సార్, బడి హెడ్‌మాస్టర్ ఉన్నడు. తియ్యనియ్య."

అది చింతపండు కొట్టే కాలం. మద్దేడ్ దగ్గర మా ఊళ్ళో నేను మితానిన్‌గా చేరి మూడో ఏడు. మితానిన్ అంటే ఊళ్ళోనే ఉండి పనిచేసే ఆరోగ్య కార్యకర్త. ఎనిమిది చదివిన నాకు అదే పెద్ద హోదా. పెళ్ళయి కిరండూల్ వచ్చాక మానేశాను గానీ, పని మాటొస్తే నా నోరు ఇప్పటికీ ఆగదు.

లచ్చక్కకు కుష్టు. చేతి మీద స్పర్శ లేని మచ్చ చూసి నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మందు మొదలయ్యాక అది ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పింది. నెలకోసారి పెద్ద మోతాదు మా కళ్ళ ముందే మింగాలి, మిగతా రోజులవి ఆమే వేసుకోవాలి. లచ్చక్క బడిలో పిల్లలకు వండుతుంది. మచ్చ సంగతి బయటపడితే మర్నాడే ఆ పని పోతుంది. అంటదని ఎంత చెప్పినా ఊరు వినదు.

"నీ మీద పైకి రాస్తా," అన్నాడు సార్.

"రాసుకోండ్రి. పోయిన నెల మాత్రల ఖాళీ అట్ట ఇదిగో, దీని ఫోటో తీసుకోండ్రి. అట్టకు ముఖం లేదు."

గొణుక్కుంటూ అట్ట ఫోటోనే తీసుకుని బండెక్కాడు. లచ్చక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను ఏదో గెలిచినట్టు సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాను.

పక్కింటి అరుగు మీద నర్సమ్మత్త చింతగింజలు ఏరుతోంది.

"ఏందే పిల్లా, నెలనెలా ఆ సంచి లచ్చి ఇంట్లకే పోతది? తలుపేసుకుని ఏం జేస్తరు? దానికేమన్నా రోగమా?"

"పప్పు మంచిగ చేస్తది అత్తా, తిని పోతున్న."

"మా ఇంట్ల పప్పు లేదా? ఒక్కనాడన్న గడప తొక్కినవా?"

నవ్వేశాను గానీ నాలుగడుగులు వేసి ఆగిపోయాను. సార్‌ని ఆపాను సరే. నెలనెలా ఒకే ఇంటికి ఆ సంచితో వెళ్ళి తలుపేసింది ఎవరు? ఫోటో తీయకుండానే నేను ఊరందరికీ చూపిస్తున్నాను.

రోగి సంగతి బయట పెట్టకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు. నోరు ఒక్కటే కట్టుకుంటే చాలదనీ, నడక కూడా చూసుకోవాలనీ ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే అదే సంచి తగిలించుకుని వరసగా అన్ని ఇళ్ళకూ బయల్దేరాను. మొదటిది నర్సమ్మత్త ఇల్లు. లోపలికెళ్ళి తలుపేశాను. మోకాళ్ళ నొప్పులు, నిద్ర పట్టకపోవడం, ఇంకా ఎవరికీ చెప్పనివి రెండు చెప్పింది. లచ్చక్క ఇంట్లో ఎంతసేపు కూర్చుంటానో అంతసేపూ కూర్చున్నాను.

బయటికి రాగానే ఎదురింటామె మెడ చాచింది.

"నర్సమ్మకేమైందే?"

వెనక తలుపు సందులోంచి అత్త నన్నే చూస్తోంది.

"చెప్ప," అన్నాను. "జరుగు, ఇగ మీ ఇంటికే."