సిటీ పేజీలో పడిన సవరణ

మా పేపర్‌లో వార్త వచ్చిన రోజే సత్తెనపల్లిలో ఖాసింబీ అనే ఇంటావిడ తన ఇంట్లో అద్దెకున్న రఫీకుల్‌ను పిలిచి, వారంలోగా గది ఖాళీ చేయమని చెప్పింది. రఫీకుల్ జిన్నింగ్ మిల్లు కార్మికుడు. పత్తి సీజన్‌కు, మన దేశంలోనే బంగ్లాదేశ్ సరిహద్దున ఉన్న ముర్షిదాబాద్ జిల్లా నుంచి వచ్చేవాడు. అది నాలుగో సీజన్. ఆ ఏడు భార్యను, కూతుర్ని కూడా వెంట తెచ్చుకున్నాడు. పాప అక్కడి సర్కారు బడిలో నాలుగో తరగతి చదువుతోంది. మిల్లు షెడ్డులో మగవాళ్లను మాత్రమే ఉండనిస్తారు కాబట్టి, గది పోతే తల్లీ కూతుళ్లు వెనక్కి వెళ్లిపోవాల్సిందే.

ఆ వార్తకు శీర్షిక పెట్టింది నేను. అప్పుడు గుంటూరు ఎడిషన్‌లో జిల్లా డెస్కు ఇన్‌చార్జిని. ఉద్యోగంలో అది నా చివరి ఏడాది. మండలాల్లో ఉండే విలేకరులు పంపిన వార్తలను దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీల్లోకి పంపడం మా పని. జిల్లా వార్తల పేజీలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. సత్తెనపల్లిలో పంచే పేపర్‌లో పల్నాడు పేజీ ఉంటుంది, గుంటూరులో పంచే దాంట్లో సిటీ పేజీ ఉంటుంది. ఒక ఊరివాళ్లు చదివే పేజీ రెండో ఊరివాళ్ల కంటపడదు. పాఠకులకు సాధారణంగా ఈ సంగతి తెలియదు.

ఆ రోజుల్లో అక్రమ వలసల మీద టీవీల్లో రోజూ చర్చలు జరిగేవి. పైనుంచి వచ్చిన ఆదేశాల ప్రకారం పోలీసులు ఇతర రాష్ట్రాల కార్మికుల పత్రాలు పరిశీలిస్తున్నారు. అది వాళ్లు చేయాల్సిన పనే. మిర్చి కోతలకు పక్క రాష్ట్రం నుంచి లారీల్లో దిగిన కూలీలను మాత్రం ఎవరూ కాగితాలు అడగలేదు, వాళ్ల మాట తెలుగు కాబట్టి. సత్తెనపల్లి పోలీసులు మిల్లు నుంచి రఫీకుల్‌తో సహా ముగ్గురిని స్టేషన్‌కు పిలిపించి, కాగితాల నకళ్లు తీసుకుని సాయంత్రానికి పంపేశారు. మా విలేకరి సత్యం పంపిన వార్తలో అంతే ఉంది. స్టేషన్ మెట్ల మీద రఫీకుల్ నిలబడి ఉన్న ఫొటో కూడా పంపాడు. నేను ‘సత్తెనపల్లిలో బంగ్లాదేశీయులు’ అని శీర్షిక పెట్టి, ఆ ఫొటో కింద పేరు వేయించాను. పోలీసులు ఆ మాట అనలేదు. పేజీ వెళ్లాల్సిన వేళ దగ్గరపడింది, టీవీలో పొద్దుటి నుంచీ అదే మాట వింటున్నాను. ఇంతకు మించి నేను చెప్పుకోగలిగింది లేదు.

మూడో రోజు రఫీకుల్ బస్సెక్కి గుంటూరు ఆఫీసుకు వచ్చాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఆధార్, ఓటరు కార్డు, వాళ్ల నాన్న పొలం కాగితం ఉన్నాయి.

“నాలుగు సీజన్లు మీ పత్తి దుమ్ము తిన్నా సార్. ఒక్క రోజులో నా దేశం మార్చేశారేంది?” అన్నాడు.

సత్యానికి ఫోన్ చేశాను. రఫీకుల్ భారతీయుడేనని అతని సొంతూరి పోలీసుల నుంచి జవాబు వచ్చిందని సీఐ చెప్పినట్టు తెలిసింది. సవరణ వేస్తామని రఫీకుల్‌తో అన్నాను.

“పేపర్‌లో ఏం వేస్తారో నాకు తెలీదు సార్. ఖాసింబీ గారికి ఒక్క మాట చెప్పండి. నాకు గది కావాలి” అన్నాడు.

అతను అడిగింది అదొక్కటే. అది పేపరు పని కాదనుకున్నాను. సవరణ పడితే ఆవిడే చదువుకుంటుందిలే అన్నాను.

అభ్యంతరం ఏ ఆఫీసుకు అందితే ఆ ఆఫీసు రిజిస్టరులో రాసి, ఆ ఊరి పేజీలోనే సవరణ వేయడం మా పద్ధతి. అది వేసేది సిటీ డెస్కు. మర్నాడు సిటీ పేజీలో కింద మూడు వాక్యాల సవరణ పడింది. పద్ధతి ప్రకారం అంతా సరిగ్గా జరిగింది. సత్తెనపల్లిలో మాత్రం దాన్ని ఎవరూ చూడలేదు.

ఆరో రోజు సత్యం ఫోన్ చేశాడు. “సవరణ ఎక్కడండీ సార్? ఇక్కడ రఫీకుల్ రోజూ టీ కొట్టు దగ్గరికొచ్చి పేపర్ తిరగేస్తున్నాడు. తెలుగు చదవడం రాదు కదా, తన ఫొటో కోసం వెతుకుతున్నాడు. ‘ఏరా, నీ దేశం ఇవాళ కూడా రాలేదా?’ అని కొట్టాయన ఎగతాళి చేస్తున్నాడు” అన్నాడు. సవరణలో ఫొటో ఉండదన్న సంగతి కూడా నేను రఫీకుల్‌కు చెప్పలేదు.

పల్నాడు పేజీలో మళ్లీ వేద్దామని ఎడిషన్ ఇన్‌చార్జిని అడిగాను. ఒకే తప్పుకు రెండుసార్లు సవరణ వేస్తే లాయరు నోటీసును మనమే పిలిచినట్టవుతుందని ఆయన ఒప్పుకోలేదు. ఆయన మాటలోనూ అబద్ధం లేదు.

మర్నాడు సిటీ పేజీ మడిచి సంచిలో పెట్టుకుని సత్తెనపల్లి వెళ్లాను. ఖాసింబీ గారు ఇంటి ముందు గదిలో మిషను మీద జాకెట్లు కుడుతున్నారు. సవరణ రెండుసార్లు చదివారు.

“బాగానే రాశారు. మా వీధిలో ఎవరికొచ్చిందండీ ఈ కాగితం?” అని అడిగారు.

ఎవరికీ రాలేదన్నాను.

“మా తాతల నాటి నుంచి ఈ ఊళ్లోనే ఉన్నాం. మీ వార్త పడ్డ రోజు మావాణ్ణి బజార్లో ‘మీ చుట్టాలంటగా’ అన్నారు. రఫీకుల్ మంచోడే, కాదన్లేదు. ఆయన్ని ఉంచుకుంటే రేపు మా ఇంటికొచ్చి మా కాగితాలు అడుగుతారు. అప్పుడు మీరు ఈ సంచీ పట్టుకుని ఎన్ని ఇళ్లకు తిరుగుతారు?”

ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టారు. నేను లేచాను.

మర్నాడు తల్లీ కూతుళ్లు రైలెక్కారు. రఫీకుల్ సీజన్ అయ్యేదాకా మిల్లు షెడ్డులో ఉండి వెళ్లాడు. మిగతా ఇద్దరూ వార్త వచ్చిన రెండు రోజులకే పని మానేసి వెళ్లిపోయారు. వాళ్ల కాగితాల సంగతి ఏమైందో మేం అడగలేదు.

వార్త ఏ వీధిలో చదివారో సవరణ కూడా ఆ వీధికే చేరాలి, అంత పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. అలా చేరినా ఖాసింబీ గారి భయం పోయేదని చెప్పలేను. పదవీ విరమణకు ముందు సవరణల పద్ధతి మార్చమని ఒక నోట్ రాసి ఇచ్చాను. దాని మీద నిర్ణయం తీసుకున్నట్టు నాకు తెలియదు.

తర్వాతి సీజన్‌కు రఫీకుల్ రాలేదు. బడికి వెళ్లి కనుక్కోమని సత్యాన్ని అడిగాను. పాప బదిలీ సర్టిఫికెట్ కోసం ఎవరూ రాలేదని హెడ్మాస్టరు చెప్పారట. అది లేకుండా వాళ్ల ఊళ్లో ఆ పాపను బడిలో చేర్చుకున్నారో లేదో నాకు తెలియదు.