డేగల కాపురానికి వంకలు

మా పెదనాన్నకు ఈ లోకంలో ఏదీ నచ్చదు. ముద్రణాలయంలో జీవితమంతా ప్రూఫులు దిద్దిన మనిషి. ఉద్యోగం వదిలినా దిద్దడం వదల్లేదు. రోగిని పరామర్శించడానికి వెళ్ళి, దుప్పటి సరిగ్గా కప్పుకోలేదని చెప్పి వస్తారు. మా అపార్టుమెంటులో అందరూ ఆయన్ని చాటుగా వంకలాయన అంటారు. ఆ సంగతి తెలిసి, పేరు పెట్టడం కూడా చేతకాలేదన్నారు.

ఆ వసంతంలో మా వంటింటి కిటికీకి ఎదురుగా, భవనం మెలిక తిరిగిన చోట ఉన్న సజ్జ మీద ఒక డేగల జంట కాపురం పెట్టింది. పెదనాన్న కుర్చీ వంటింట్లోకి మారింది. పెద్దమ్మ వేడి గిన్నె పట్టుకుని ఆ కుర్చీ చుట్టూ ప్రదక్షిణలు చేసేది.

"గూడంటే నాలుగు పుల్లలైనా ఉండాలా వద్దా? ఉత్త సిమెంటు మీద గుడ్లు పెట్టేసింది" అన్నారు పెదనాన్న.

"మన కాపురం కొత్తలో మీరు చాప కూడా కొనలేదు" అంది పెద్దమ్మ.

పిల్లలు పుట్టాయి. మూడు దూదిముద్దలు. తండ్రి డేగ పావురాన్ని తెచ్చి పడేసి వెళ్ళిపోతే, పిల్లల మొహం చూసిన పాపాన పోలేదని తిట్టేవారు. తల్లి తినిపిస్తుంటే పక్షపాతం చూపిస్తోందనేవారు. ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. తల్లి తడిసి ముద్దవుతూనే పిల్లల మీద రెక్కలు కప్పి కూర్చుంది. పెదనాన్న వాన వెలిసేదాకా కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. చివరికి, ఎడమ రెక్క ఇంకాస్త చాపి ఉండాల్సిందన్నారు.

సరిగ్గా అప్పుడే భవనానికి రంగులు వేయించాలని అందరూ తీర్మానించారు. పెదనాన్నను అడక్కుండా వేయిస్తే బతికున్నన్నాళ్ళూ సాధిస్తారని భయపడి, రంగు ఎంచే పని ఆయనకే అప్పగించారు. అంటే కొరివితో తల గోక్కున్నారు.

రంగుల మేస్త్రి తెచ్చిన మొదటి రంగు జ్వరం వచ్చినవాడి నాలుకలా ఉందన్నారు. రెండోది నానిన అట్టలా ఉందట. మూడోది చూసి, ఇది రంగా, మరకా అని అడిగారు. పరంజా కర్రలు వాకిట్లో పడి ఉన్నాయి. లిఫ్టులో ఆయన్ని చూస్తే జనం మెట్లెక్కి పోసాగారు. ఒకరోజు కింది వాటా లాయరు పైకి వచ్చి, ఆయన్ని ఆ పనిలోంచి తప్పించడానికి అందరం సమావేశమవుతున్నామని మొహం మీదే చెప్పాడు. సమావేశానికి తేదీ పెట్టడం కూడా రాలేదని పెదనాన్న దాన్నీ మరో వారం వాయిదా వేయించారు. నాకైతే తల కొట్టేసినట్టయింది.

రెండు పిల్లలు ఎగిరిపోయాయి. మూడోది మాత్రం సజ్జ అంచున నిలబడి రెక్కలు కొట్టుకోవడమే తప్ప కదల్లేదు. చివరికి ఒక ఉదయం కాలు జారిందో, ధైర్యం వచ్చిందో, రాయిలా కిందికి పడింది. పెదనాన్న కుర్చీ తన్నుకుని లేచారు. అది మధ్యలో రెక్కలు విప్పి, పైకి తేలి, అవతలి డాబా మీది నీళ్ళ ట్యాంకు మీద వాలింది.

"ఎగరడమూ వంకరే" అంటూ మేస్త్రికి ఫోన్ చేశారు. "పరంజా కట్టుకోవయ్యా."

ఏ రంగు వెయ్యాలని మేస్త్రి అడిగినట్టున్నాడు.

"ఏదో ఒకటి వెయ్యి. గోడేగా."

నేను ఆయన వైపు, ఖాళీ అయిన సజ్జ వైపు చూశాను. పరంజా ముందే లేచి ఉంటే సరిగ్గా ఆ సజ్జ మీదుగానే పోయేది.

"పిల్లలున్నాయి, ఆగండి అని అందరికీ చెబితే సరిపోయేది కదా పెదనాన్నా? ఇన్ని మాటలెందుకు పడ్డారు?"

"చెబితే చూడ్డానికి ఊరంతా ఎగబడుతుంది. బాలింత ఉన్న ఇంటికి అంతమందిని పిలుస్తారుటే ఎవరైనా? బుద్ధి లేకపోతే సరి."